తొమ్మిదో బండ

ఎర్రగుంట్లలో మా వసారాకి
నల్లబండలు పక్క గని నుంచే వచ్చినాయి,
తెల్లవి బేతంచెర్ల లారీలో.
మెట్టు నుంచి గడప దాకా పదహైదు.
"ఒకటి నలుపు, ఒకటి తెలుపు, అంతే గదమ్మా?"
అన్నాడు హుసేనప్ప, తాపీ కడుక్కుంటా.
కాదన్నాను.
నా చేతిలో ఒక ఆన్సరు పేపరు,
దాని వెనక నేను రాసుకున్న సున్నాలూ ఒకట్లూ.

"మూడు నలుపు, ఒక తెలుపు. అది మొదలు.
ఆ నాలుగింట్లో ముందు పరిచిన రెండు చూడు:
ఒకే రంగయితే నలుపు పెట్టు,
వేరేవేరే అయితే తెలుపు.
మళ్లీ చివరి నాలుగు చూడు."
"ఇది వాస్తా?"
"లెక్క."
కాసేపు తల గోక్కున్నాడు.
"నాలుగు సీట్ల ఆటో అన్నమాట.
ఒకరెక్కితే ఒకరు దిగాల."

ఇరవయ్యేళ్లుగా పాఠం చెబుతున్నాను,
ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

రెండే అంకెలు పండే క్షేత్రం అది,
ఒకటీ ఒకటీ కలిస్తే సున్నా.
అందులో చీలని బహుపది కోసం రెండు రాత్రులు కూర్చున్నానని
అతనికి ఎట్ల చెప్పేది?
అతని సుత్తి తీసుకుని చెప్పినాను:
"బండను తట్టి వింటావు గదా, పొర ఉందేమో అని.
నేనూ తట్టినాను.
మొదటిదాన్ని సున్నాతో తట్టినా, ఒకటితో తట్టినా
గట్టిగానే మోగింది.
అయినా లోపల పొర ఉండింది,
ఒకే మందం పలకలు రెండు లేచొచ్చినాయి.
దాంతో పరిచింటే ఆరు బండలకే పాతపాట.
రెండోదాంట్లో పొరే లేదు. ఏ ఉలీ దిగలేదు.
కానీ ఐదు బండలకే వెనక్కొచ్చింది.
పగలకపోతే చాలదు హుసేనప్పా."
"మా బామ్మర్దీ అంతే," అన్నాడు.

మూడోది పగలదు, తొందరగా ఇల్లూ చేరదు.
నాలుగు బండలతో ఎన్ని వరసలు కుదురుతాయో
అన్నిటినీ ఒక్కొక్కసారే తొక్కి
పదహైదు దాటినాకే మొదటికొస్తుంది.

వేళ్ల కణుపుల మీద లెక్కేసినాడు.
"పదహారు గదా రావాల్సింది? ఇంకోటి యాడ పోయ?"
"నాలుగూ నల్లవి.
దాంట్లో అడుగు పడితే ఇంక నలుపే,
నలుపు పక్కన నలుపు, ఎంత దూరం పోయినా."
సిమెంటు కలిపే చెయ్యి ఆగింది.
"చూసినాలే అట్లాంటి మనిషిని,"
అని మాత్రం అన్నాడు.
నేను అడగలేదు.

మధ్యాన్నం సంగటి తిని వచ్చి
తొమ్మిదో చోట, నలుపు పెట్టాల్సిన చోట,
తెలుపు పెట్టినాడు.
పొద్దు గూకినాక గాని చూసుకోలేదు.
"తప్పు పోయిందమ్మా, పెకలించేదా?"
పేపరు తిప్పి చూసినాను.
తొమ్మిది తర్వాత ప్రతి బండా నియమం ప్రకారమే ఉంది.
పదహారో చోట రావాల్సిన ఆరంభం
పదకొండో చోటే వచ్చి కూర్చుంది,
మూడు నలుపు, ఒక తెలుపు.
అదే వలయం. ఐదు బండలు ముందుకు దూకింది, అంతే.
ఇంతకంటే దూరం తప్పిపోవడానికి
అక్కడ చోటే లేదు,
ఆ నాలుగు నల్లబండల గుంత తప్ప.
"ఉండనీ," అన్నాను.
కూలి డబ్బులు లెక్కపెట్టుకుంటా
నా మొహం ఒకసారి, బండ మొహం ఒకసారి చూసినాడు.

కరెంటు పోయిన రాత్రుల్లో
చెప్పులు విడిచి మెట్టెక్కుతాను.
తెల్లవి నున్నన, నల్లవి గరుకు.
నాలుగు బండలు చదివితే చాలు
ఎక్కడున్నానో పాదానికి తెలుస్తుంది.
గరుకు, నునుపు, నునుపు, నునుపు.
పద్నాలుగు మీదున్నావు, ఇంకొక్క అడుగే, అంటుంది పాదం.
గడియ కోసం చెయ్యి చాపుతాను.
గాలి తగులుతుంది.